జిర్కటాంగ్ దాటేముందు

దక్షిణ అండమాన్‌లోని జిర్కటాంగ్ చౌకీ ముందు తెల్లవారకముందే వాహనాలు బారులు తీరినవి. డిగ్లీపూర్‌కు పోయే బస్సులు, బారాటాంగ్ గుహలను చూపించడానికి యాత్రికులను తీసుకుపోయే కార్లు, సిమెంటు బస్తాల లారీలు, వాటి నడుమ చిన్న చిన్న పికప్పు వ్యాన్లు. రాత్రంతా కురిసిన వాన వెలిసింది గాని, చెట్ల ఆకుల నుంచి నీరు ఇంకా జారుతూనే ఉన్నది. టీ దుకాణాలలో పొయ్యిలు రాజుకున్నవి. బెంగాలీ, తమిళం, తెలుగు, హిందీ అన్నీ కలగలిసిన మాటలు వేడి ఇడ్లీల ఆవిరితో పాటు చీకటిలో తేలివస్తున్నవి.

ఒక్క డ్రైవరు మాత్రం టీ దుకాణం వైపు పోలేదు. హ్యాండుబ్రేకు లాగి, చక్రాలకు ముందూ వెనుకా రాళ్ళు పెట్టి, గేరును న్యూట్రల్‌లోకి తెచ్చి, గోనెపట్టా పరచుకొని తన పికప్పు కిందికి దూరినాడు. నోట టార్చిలైటు. రెండు చేతులతో బండి పొడుగునా పోయే ఇనుప గొట్టాన్ని పట్టుకొని ఇటూ అటూ తిప్పి చూచినాడు. చెవి ఒగ్గి విన్నాడు. తరువాత మెల్లగా బయటికి వచ్చి, చేతులు తుడుచుకొని, అప్పుడు టీ అడిగినాడు.

పక్క లారీవాడు నవ్వినాడు. అతడు నవ్వులేదు. ఇరవై ఏళ్ళు దాటిన బండి అతనిది. పదిహేను రోజుల కిందట ఇదే బండి అతనికి ఒక పాఠం చెప్పబోయి, అదృష్టవశాత్తూ ముందుగా ఒక చప్పుడుతోనే సరిపెట్టింది.

ఆ చప్పుడుకు ఇంత విలువ ఎందుకో తెలియాలంటే ముందు ఈ దారిని తెలుసుకోవాలి. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చిన పోర్ట్ బ్లెయిర్ నుంచి ఉత్తరాన డిగ్లీపూర్ దాకా మూడు వందల కిలోమీటర్లకు పైగా సాగే అండమాన్ ట్రంకు రోడ్డు, దీవుల ఉత్తర దక్షిణాలను కలిపే ఏకైక రహదారి. జిర్కటాంగ్ దాటిన తరువాత అది జారవాల అభయారణ్యంలో ప్రవేశిస్తుంది. వేల సంవత్సరాలుగా వేటతో, చేపలతో, తేనెతో జీవిస్తున్న ఆ జాతి జనం నేడు కొన్ని వందల మంది మాత్రమే. బయటివారితో స్నేహం వారికి ఇటీవలిది. 1990ల చివరి దాకా వారు బాణాలతోనే బయటి ప్రపంచానికి జవాబు చెప్పినారు. స్నేహం వెంట రోగాలు కూడా వచ్చినవి. 1999లో వారిలో తట్టు వ్యాపించింది. 2002లో సుప్రీంకోర్టు అభయారణ్యంలోని రోడ్డు భాగాన్ని మూసివేయవలసినదిగా ఆదేశించింది. అయినా ఉత్తరాది దీవుల జనానికి వేరే రహదారి లేని కారణంగా రాకపోకలు కట్టుబాట్ల కింద సాగుతూనే ఉన్నవి.

ఆ కట్టుబాట్లు కఠినమైనవి. రోజుకు కొన్ని నిర్ణీత వేళల్లోనే, పోలీసుల రక్షణలో, అన్ని వాహనాలూ ఒక్క కాన్వాయిగా కదలాలి. వేగం గంటకు నలభై కిలోమీటర్లు మించరాదు. ఒకరినొకరు దాటరాదు. ఎక్కడా ఆగరాదు, దిగరాదు, ఫోటో తీయరాదు. ఇటువంటి చోట ఒక పాత బండి నడిరోడ్డు మీద కూలబడితే అది ఆ బండి యజమాని ఇంటి సమస్యగా మిగలదు. వెనుక బస్సులో ఆపరేషనుకు పోయే రోగి ఉండవచ్చు. పరీక్ష రాయబోయే పిల్లలుండవచ్చు. చుట్టూ అడవిలో, ఒక దగ్గూ జలుబూ సోకినా తట్టుకోలేని మనుషులుండవచ్చు.

ఇక రెండవ విషయం సముద్రం. పోర్ట్ బ్లెయిర్ నుంచి విశాఖపట్నానికి గాని, చెన్నైకి గాని సముద్రంలో దూరం సుమారు 1,200 కిలోమీటర్లు. ఓడ ప్రయాణం రెండు రాత్రులో మూడు రాత్రులో పడుతుంది. వాతావరణం బాగుండకపోతే ఎన్ని రాత్రులో చెప్పలేము. కొత్త బండ్ల సామాను ఊళ్ళోనే దొరుకుతుంది. ఇరవై ఏళ్ళనాటి బండి విడిభాగం మాత్రం తరచు ఓడ ఎక్కి రావలసిందే. అరచేతిలో ఇమిడే ఇనుపముక్క కోసం టన్ను బరువు మోసే బండి వారాల తరబడి ఇటుకల మీద నిలబడిన దృశ్యం ఈ దీవులలో వింత కాదు.

ఈ ఓడల మీదనే తెలుగువారు కూడా వచ్చినారు. 2011 జనాభా లెక్కలలో అండమాన్ నికోబార్ దీవుల జనాభా 3,80,581. వారిలో తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు నూటికి పదమూడు మంది. శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల తీరగ్రామాల నుంచి కూలిపనికి, చేపలవేటకు వచ్చి స్థిరపడిన కుటుంబాలు అనేకం. వారి పిల్లలలో కొందరు చుక్కాని పట్టినారు, కొందరు స్టీరింగు పట్టినారు, కొందరు చేత స్పానరు పట్టినారు.

అటువంటి ఒక స్పానరు దగ్గరికే ఆ పికప్పు మొదట వచ్చింది. పోర్ట్ బ్లెయిర్ శివార్లలో గారచర్మ వైపున రేకుల కప్పు కింద ఒక చిన్న షెడ్డు అది. మేస్త్రీకి అరవై దాటినవి. తండ్రి టెక్కలి ప్రాంతం నుంచి వచ్చి అడవి పనులలో స్థిరపడినవాడు. కొడుకు మొదట నేర్చుకొన్నది జీపు. మహీంద్రా సంస్థ 1947 తరువాత బొంబాయిలో కూర్చిన విల్లీస్ జీపులకు వారసులుగా వచ్చిన బండ్లు, 1988లో టాటా సంస్థ తెచ్చిన టాటా మొబైల్ 206, దాని వెనుక 207, ఆ తరువాత వచ్చిన రకరకాల పికప్పులు, అన్నీ అతని చేతుల మీదుగా పోయినవే. వీటికి పేర్లు వేరైనా కడుపులోని కూర్పు ఒక్కటే. ఇంజను ముందుంటుంది, తిరగవలసిన చక్రాలు వెనుకనుంటవి. ఇంజను బలం క్లచ్చి ద్వారా గేరుబాక్సుకు, అక్కడి నుంచి ప్రొపెల్లర్ షాఫ్టు అనే పొడుగాటి గొట్టం ద్వారా వెనుక ఇరుసు మధ్యనున్న గుండ్రని పెట్టెకు చేరుతుంది. ఇంగ్లీషువారు దానిని డిఫరెన్షియల్ అంటారు. తెలుగు గణితశాస్త్ర గ్రంథాలలో ఆ మాటకు అవకలన అనే గంభీరమైన పేరున్నది. కాని ఆ పేరు చెప్పి ఏ షెడ్డులోనూ పని చేయించుకోలేరు. మేస్త్రీలందరికీ అది హౌసింగు. దానిలోని పెద్ద పళ్ళచక్రం క్రౌను, దానిని తిప్పే చిన్నది పినియను. నిఘంటుకారుడు ఇక్కడ ఓడిపోయినందుకు బాధపడవలసిన పని లేదు.

పికప్పు షెడ్డులోకి వస్తూనే మేస్త్రీ తల పైకెత్తినాడు. గేరు వేసి క్లచ్చి వదిలినప్పుడు బండి కింద నుంచి 'టంగ్' మని ఒక్కటే చప్పుడు.

"ఎన్నాళ్ళ బట్టి ఒస్తంది బాబూ, ఈ సప్పుడు?"

"పది దినాలై ఉంటాది మేస్త్రీగారూ. బండి కదిలినప్పుడే. కదిలిపోయాక ఏటీ నేదు."

"ఏటీ నేదు కాదు నాయనా. నీకు ఇనబడ్నేదు. ఇంజను సప్పుడులో కలిసిపోతంది."

పాత పికప్పుల వెనుకభాగం చెప్పే భాషలో ఈ 'టంగ్' అతి సాధారణమైన మాట. కాని దానికి అర్థాలు మూడు. షాఫ్టు రెండు కొసలా ఉండే క్రాసు అరిగి ఉండవచ్చు. షాఫ్టు పొడుగు హెచ్చు తగ్గులకు వీలుగా ఒకదానిలో ఒకటి జారే పళ్ళగొట్టం వదులై ఉండవచ్చు. లేక హౌసింగులో క్రౌనుకూ పినియనుకూ మధ్య సందు పెరిగి ఉండవచ్చు. మొదటిది చిన్న ఖర్చు, చివరిది పెద్ద ఖర్చు. మూడూ చెవికి ఒక్కలాగే వినిపిస్తవి. అందుచేత మంచి మేస్త్రీ చెవిని నమ్మి ఊరుకోడు, చేతితో అడుగుతాడు. చక్రాలు కదలకుండా కట్టి షాఫ్టును చేత తిప్పితే, క్రాసు దగ్గర కదలిక కంటికే కనిపిస్తుంది. క్రాసు బిగువుగా ఉండి షాఫ్టు మొత్తం కొంత దూరం తేలికగా తిరిగి 'టక్' మని ఆగితే సందు హౌసింగులో ఉన్నట్లు. అక్కడ కొద్దిపాటి సందు సహజమే, అది ఉండాలి కూడా.

ఈ బండిలో దొంగ క్రాసే. మేస్త్రీ దాని కప్పుల అంచున వేలు రాసి చూపించినాడు. వేలికి మిరపపొడి వంటి ఎర్రని దుమ్ము అంటింది.

"గ్రీజుండాల్సిన కాడ తుప్పుంది. లోపల సూదులన్నీ పొడైపోనాయి."

క్రాసుకు నాలుగు చేతులు, నాలుగు కప్పులు. ఒక్కొక్క కప్పులో సూదుల వంటి సన్నని బేరింగులు వరుసగా ఉంటవి. వాటి మధ్య గ్రీజు ఎండితే ఇనుము ఇనుమును రాసుకొని ఎర్రని పొడి అవుతుంది. బండి మెల్లగా పోయేటప్పుడు పిచ్చుక పిల్ల అరిచినట్లు 'చిక్ చిక్' మనడం దానికి తొలి గుర్తు. ఆ అరుపు కొన్నాళ్ళకు ఆగిపోతుంది. జబ్బు నయమైందని యజమాని సంతోషిస్తాడు. నిజానికి అప్పటికి అరవడానికి అక్కడ సూదులే మిగలవు.

"రేపు కాన్వాయికి ఎల్లిపోనా మేస్త్రీగారూ? రంగత్‌లో సరుకు దింపేసి వచ్చి బాగు చేయించుకుంటాను. బ్యాంకు వాయిదా ఉంది."

మేస్త్రీ వెంటనే జవాబు చెప్పలేదు. బీడీ వెలిగించుకొని, తరువాత అన్నాడు: "ఎనక క్రాసు ఇరిగితే షాఫ్టు రోడ్డు మీద ఈడ్చుకుపోతాది, బండి ఆగిపోతాది, అంతే. ముందు క్రాసు ఇరిగితే ఆ కొస నేలలో దిగబడి బండిని ఎత్తి పడేస్తాది. నీది ముందుదే. ఆ అడివిలో దిగి నీ బండి కింద దూరడానికి నాకు ఈలు నేదు బాబూ. నీ ఇష్టం."

డ్రైవరు సరుకును మరొకరి లారీకి ఎత్తించినాడు. కిరాయి పోయింది. ఆ కోత ఇంట్లో ఎట్లా సర్దుకొన్నదీ అతడే చెప్పాలి.

షాఫ్టును దించిన తరువాత అసలు కథ బయటపడింది. ఇంతకు ముందు ఎవరో ఆ షాఫ్టును విప్పి, గుర్తు పెట్టుకోకుండా తిరిగి బిగించినారు. పళ్ళగొట్టం ఒక పన్ను పక్కకు కూర్చున్నది. చూడడానికి ఒక్క పన్నే. కాని ఈ క్రాసు జాయింటులో ఒక పుట్టు వంకర ఉన్నది. పదహారవ శతాబ్దపు ఇటలీ గణితజ్ఞుడు కార్డానో పేరిటా, పదిహేడవ శతాబ్దపు ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ పేరిటా ప్రపంచమంతా పిలిచే జాయింటు ఇది. కోణంలో వంగి తిరిగేటప్పుడు ఇది సమంగా తిరగదు. ఒక్కొక్క చుట్టులో రెండుసార్లు వడి పెంచి, రెండుసార్లు తగ్గించి తిప్పుతుంది. అందుకనే షాఫ్టుకు రెండు కొసలా రెండు జాయింట్లు పెడతారు. ఒకటి చేసిన తప్పును రెండవది సరిగ్గా ఎదురు తప్పు చేసి దిద్దుతుంది. అయితే రెండు కొసల చేతులూ ఒకే వరుసలో ఉంటేనే ఆ దిద్దుబాటు సాగుతుంది. ఒక పన్ను జరిగితే తప్పులో కొంత మిగిలిపోయి, బండి కింద వణుకై, క్రాసులను రోజూ కొంత కొంత తినివేస్తుంది. విప్పేముందు సుద్దముక్కతో ఒక గీత గీసి ఉంటే ఇంత జరిగేది కాదు.

బరువుకు ఆగడం లేదని వెనుక కమానుకు ఒక పట్టీ అదనంగా వేయించడం కూడా ఇటువంటిదే. బండి వెనుకభాగం లేస్తుంది, షాఫ్టు వంపు మారుతుంది, ఫలానా వేగం దగ్గర మాత్రమే వణుకు మొదలవుతుంది. చక్రాల బ్యాలెన్సు పోయిందని యజమాని టైర్ల దుకాణం చుట్టూ తిరుగుతాడు.

కొత్త క్రాసు వెంటనే దొరకలేదు. ఒకే కంపెనీ, ఒకే రకం బండిలో కూడా సంవత్సరాన్ని బట్టి కప్పుల కొలతలు మారుతవి. మేస్త్రీ పాత కప్పును కాలిపరుతో కొలిచి, ఆ అంకెను చీటీ మీద రాసి ఇచ్చినాడు. బండి పేరు చెప్పి తెప్పించిన సామాను ఓడ దిగిన తరువాత కుదరకపోతే తిరిగి పంపడానికి మరొక ఓడ కావాలి గదా. చీటీ విశాఖపట్నంలోని బంధువుకు ఫోనులో చేరింది. సామాను తొమ్మిదో రోజున వచ్చింది.

ఆ తొమ్మిది రోజులలో మేస్త్రీ ఊరికే కూర్చోలేదు. హౌసింగు అడుగు బోల్టు విప్పితే తేనెరంగులో రావలసిన నూనె, పాలు ఎక్కువైన టీ రంగులో వచ్చింది. నీరు దిగినట్లు. ఇక్కడ ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ ఈ దీవులను తడుపుతవి. కాని వాన మాత్రమే కారణం కాదు. హౌసింగు నెత్తిన ఊపిరి తీసుకోవడానికి ఒక చిన్న రంధ్రముంటుంది. ఎత్తుదారులలో హౌసింగు కాగుతుంది, లోపలి గాలి వ్యాకోచించి ఆ రంధ్రం గుండా బయటికి పోతుంది. కాగిన హౌసింగు ఒక్కసారిగా వాగునీటిలో దిగితే లోపలి గాలి ముడుచుకొని, దొరికిన సందు గుండా నీటిని పీల్చుకొంటుంది. రంధ్రం బురదతో మూసుకుపోతే మరీ చెడ్డ; ఆవిరి ఒత్తిడికి ఆయిలు సీళ్ళు ఓడిపోతవి, నూనె ఇరుసు వెంబడి పోయి బ్రేకు డ్రమ్ములోకి దిగుతుంది. బ్రేకు పట్టడం లేదని వచ్చిన బండికి జబ్బు హౌసింగులో ఉండడం అట్లా జరుగుతుంది.

అది ఉప్పునీరైతే చెప్పనే అక్కరలేదు. 2004 డిసెంబరు 26 నాటి భూకంపానికి దక్షిణ అండమాన్‌లో నేల కుంగింది. పోర్ట్ బ్లెయిర్ సమీపాన సిప్పీఘాట్ వద్ద పొలాలు సముద్రపు పోటునీటి పాలైనవి. ఉత్తరాన నేల పైకి లేచింది. ఉప్పునీట మునిగిన బండి పైకి ఎంత బాగా కడిగినా, లోపలి నూనెలన్నీ వెంటనే మార్చకపోతే బేరింగుల మీద సూదిమొన వంటి గుంటలు పడతవి. కొన్ని నెలల తరువాత హౌసింగు మూలగడం మొదలుపెడుతుంది. యాక్సిలరేటరు తొక్కినప్పుడు ఒక స్వరం, వదిలినప్పుడు మరొక స్వరం పలికితే అది క్రౌను పినియన్ల మూలుగు. బండి మలుపు తిరిగినప్పుడు మారే మూలుగైతే చక్రపు బేరింగుది.

నూనె విషయంలో మేస్త్రీది గట్టి పట్టుదల. ఏ బండికైనా నైంటీ ఆయిలు పోస్తే సరిపోతుందనే వాదాన్ని అతడు ఒప్పుకోడు. హౌసింగులో పళ్ళు ఒకదానిపై ఒకటి జారుతూ తిరుగుతవి గనుక గంధకపు మందు కలిసిన ఘాటైన నూనె కావాలి. అటువంటి నూనెలలో కొన్ని పాత గేరుబాక్సులోని ఇత్తడి రింగులను తినివేస్తవి. గేరు పడేటప్పుడు కరకరమనడం ఆరంభమైతే క్లచ్చిని తిట్టేముందు క్రిందటిసారి ఏ డబ్బాలోది పోసినారో కనుక్కోవాలంటాడు.

అయితే క్లచ్చిని తిట్టవలసిన సందర్భాలూ లేకపోలేదు. ఎత్తుదారిలో ఇంజను అరుస్తుంది, బండి లాగదు, కాలిన వాసన వేస్తుంది. ప్లేటు అరిగిందనడానికి అంతకంటె సాక్ష్యం అక్కరలేదు. ఈ తేమ గాలిలో మరొక విచిత్రం కూడా జరుగుతుంది. వారాల తరబడి కదలకుండా నిలిచిన బండిలో క్లచ్చి ప్లేటు తుప్పుపట్టి ఫ్లైవీలుకు అతుక్కుపోతుంది. అప్పుడు పెడలు ఎంత తొక్కినా గేరు పడదు. అందుకే తొమ్మిది రోజులూ మేస్త్రీ రోజుకొకసారి పికప్పు ఇంజను వేసి, క్లచ్చి నాలుగుసార్లు తొక్కించినాడు.

క్రాసు వచ్చిన రోజున డ్రైవరు స్వయంగా బండి కింద పడుకొన్నాడు. కప్పులు ఎట్లా దిగవేయాలో, గ్రీజు నాలుగు వైపులా కొత్తది పొంగి వచ్చేదాకా ఎందుకు కొట్టాలో, రెండు కొసల చేతులు ఒకే వరుసకు ఎట్లా తేవాలో మేస్త్రీ చూపించినాడు. షాఫ్టు మీద తెల్లరంగుతో గీత గీయించినాడు. షాఫ్టు ఊడినా నేలను తాకకుండా దాని చుట్టూ ఒక ఇనుప పట్టీ కూడా కట్టించినాడు. డబ్బు తీసుకొనేటప్పుడు మాత్రం ఒక్క రూపాయి తగ్గించలేదు.

జిర్కటాంగ్‌లో గేటు లేచింది. బస్సు ముందు కదిలింది, దాని వెనుక కార్లు, లారీలు. పికప్పు గేరు పడింది. టీ దుకాణం దగ్గర నిలబడినవారికి ఏ చప్పుడూ వినబడలేదు.

రెండు వైపులా గర్జన చెట్లు ఆకాశాన్ని మూసివేసినవి. నలభై మించని వేగంతో కాన్వాయి ఒక పొడుగాటి జెర్రివలె మలుపులు తిరిగింది. గుంతలలో వెనుక ఇరుసు ఎగిరినప్పుడల్లా డ్రైవరు చెవులు వెనుకకే ఉన్నవి. అడవి అంచున ఎక్కడో నలుగురు మనుషులు కనిపించి మాయమైనారు. ఎవరూ ఆగలేదు.

అడవి చివర మిడిల్ స్ట్రెయిట్ రేవు. ఉత్తరాన హంఫ్రీ జలసంధి మీద ఆజాద్ హింద్ ఫౌజ్ సేతువు వచ్చిన తరువాత అక్కడ పడవ అవసరం తీరింది గాని, ఇక్కడ వాహనాలు ఇప్పటికీ పంటు మీదనే దాటాలి. గట్టు నుంచి పంటు పలక మీదికి దిగేటప్పుడు బండి ముక్కు కిందికి, తోక పైకి అవుతుంది; షాఫ్టు వంపు ఆ ఒక్క క్షణంలో ఎక్కడా లేనంత పెరుగుతుంది. అరిగిన క్రాసులు తరచు ఇటువంటి చోటనే చేతులెత్తేస్తవి. ప్రయాణికులు దిగి పక్కకు నిలబడినారు. పికప్పు మెల్లగా దిగి, పలక మీద చక్రాలు మోపి, పంటులో తన చోట ఆగింది.

బారాటాంగ్ ఒడ్డున బండ్లు ఒక్కొక్కటే పైకెక్కినవి. డ్రైవరు పక్కకు తీసి ఆపి, వెనుక చక్రాల మధ్య వంగి, హౌసింగు మీద అరచేయి ఆనించి ఒకటి నుంచి లెక్కపెట్టసాగినాడు. పది దాకా చేయి కాలకుండా నిలిస్తే లోపల అంతా బాగున్నట్లని మేస్త్రీ చెప్పినాడు. పదిహేను దాకా లెక్కపెట్టి, చేయి ప్యాంటుకు తుడుచుకొని, రంగత్ వైపు బండి తోలుకుపోయినాడు.